వియ్యంకుడికి నేర్పిన అడుగులు

గుంటూరు బ్రాడీపేటలో, ఒక పళ్ళ డాక్టరు గారి ఆసుపత్రి పైఅంతస్తులో, చాలా ఏళ్ళు డ్యాన్సు క్లాసు నడిపాను. మోకాళ్ళు ఇక చాలన్నాయి కాబట్టి మానేశాను. ఇప్పుడు అదే పేటలో క్లాసులు పెడుతున్న కుర్రవాళ్ళు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "మాస్టారూ, పెద్దవాళ్ళకి పెళ్ళిళ్ళలో ఆడ్డానికి నేర్పితే ఎంత తీసుకోవచ్చు?" అని అడుగుతుంటారు. ఎంత తీసుకోవచ్చో చెప్పగలను. అంత తీసుకుని మనం వాళ్ళకి ఇచ్చేదేమిటో మాత్రం ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ తెలియనితనం గురించే ఈ నాలుగు మాటలు.

సినిమాల్లోకి పోవాలనుకునే పిల్లల సంగతి వేరు. వాళ్ళకి ఖరీదైన పాఠం కావాలి, దెబ్బలూ కావాలి. నేను రాస్తున్నది మామూలు మనుషుల గురించి. ఊరేగింపులో బ్యాండు ముందు, క్రిస్మస్‌కి చర్చి ఆవరణలో, పదిమందితో కలిసి కాసేపు ఆడితే చాలనుకునేవాళ్ళ గురించి. నా క్లాసుకి ఎక్కువగా వచ్చింది వాళ్ళే. నన్ను గందరగోళంలో పడేసిందీ వాళ్ళే.

మద్రాసు చదువు

మాది చీరాల. మా నాన్న మగ్గం నేసేవాడు. నేను మగ్గం గుంటలో కూర్చోలేక పారిపోయి మద్రాసులో పదకొండేళ్ళు గ్రూపు డ్యాన్సరుగా పనిచేశాను. పాటలో హీరో వెనక ఇరవైమంది ఊగుతుంటారు చూశారా, ఆ ఇరవైమందిలో ఒకణ్ణి. మా మాస్టరు భలే మనిషి, నోరు మాత్రం పాడు. ఆయన మాకు చెప్పింది ఒకటే మాట. "ఒరేయ్, నీ పక్కవాడు చచ్చిపోయినా అటు చూడకు. కెమెరా ఎక్కడుందో అటు చూడు."

పదకొండేళ్ళు అలాగే చూశాను. పక్కన ఆడుతున్నవాళ్ళ మొహాలు నాకు సరిగ్గా గుర్తు లేవు, మెడలూ భుజాలూ గుర్తున్నాయి. అదే గొప్ప విద్య అనుకుని గుంటూరు తెచ్చాను. గోడంతా అద్దం పెట్టించాను. టేప్ రికార్డరు కొన్నాను. అద్దం ఉన్న వైపు 'ముందు' అని, ఎనిమిది దాకా లెక్కపెట్టి మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాలని చెప్పేవాణ్ణి. పిల్లలు తొందరగానే పట్టుకునేవారు. నేనూ తొందరగానే పేరు తెచ్చుకున్నాను.

కరుణ టీచర్ గారి కోపం

నా మొదటి పెద్ద తప్పు కరుణ టీచర్ గారి దగ్గర జరిగింది. ఆవిడ పొన్నూరు రోడ్డు వైపు ఒక పల్లెలో బడిపంతులమ్మ. వాళ్ళ చర్చిలో ఆడవాళ్ళు ఏటా క్రిస్మస్‌కి కోలాటం వేస్తారు. ఆ ఏడు ఇంకాస్త బాగా వేయాలని, పొద్దంతా పత్తి చేలో పనిచేసి వచ్చే పాతికమందిని పోగుచేసి నన్ను పిలిపించారు.

నేను వెళ్ళి చూశాను. గుండ్రంగా తిరుగుతున్నారు. ఒక ముసలమ్మ అడుగు తప్పితే పక్కనున్న కోడలు కోలతో ఆవిడ నడుం మీద చిన్నగా తట్టి నవ్వుతోంది. నాకది తప్పుల తడకలా కనిపించింది. గుండ్రంగా తిరిగితే సగంమంది వీపులే కనిపిస్తాయి కదా! అందరినీ మూడు వరసలుగా, జనం వైపు తిప్పి నిలబెట్టాను. బాగా వచ్చినవాళ్ళు ముందు, ముసలివాళ్ళు వెనక. నాలుగో రోజుకి వెనక వరస రావడం మానేసింది. ఐదో రోజు టీచర్ గారు నా డబ్బు నా చేతిలో పెట్టారు.

"మీరు బాగానే నేర్పుతున్నారు మాస్టారూ. కానీ మాకు కావాల్సింది ఇది కాదు."

"మరేం కావాలి టీచర్ గారూ?"

"అదేందో నాకూ చెప్పడం చేతకావట్లేదు. మా అత్తమ్మ మాత్రం నిన్నటి నుంచి కోలలు ముట్టుకోవట్లేదు."

తప్పు చేశానని తెలిసింది. ఏం తప్పో తెలియలేదు. పల్లెటూరి వాళ్ళకి ఓపిక లేదని సర్దిచెప్పుకుని బస్సెక్కాను. నాకు నేను చెప్పుకున్న అబద్ధాల్లో దానికి మొదటి బహుమతి ఇస్తాను.

కోటేశ్వరరావు గారు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక ఫిబ్రవరి పొద్దున, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే కోటేశ్వరరావు గారు నా మెట్లెక్కి వచ్చారు. యాభై దాటిన మనిషి. తెల్ల చొక్కా, చంకలో సంచీ, ఎక్కిన ఆయాసం. వస్తూనే కిటికీలు రెండూ మూసేశారు.

"మాస్టారూ, నాకు డ్యాన్సు నేర్పాలి. ఎవరికీ చెప్పకూడదు."

నవ్వు ఆపుకుని కారణం అడిగాను. ఆయన చెప్పింది విన్నాక నవ్వు దానంతటదే ఆగిపోయింది.

రెండేళ్ళ కిందట ఆయన కూతురు పద్మజ పెళ్ళి జరిగింది. ఎదురుకోలు రోజు సాయంత్రం, బ్యాండు మోగుతుంటే, పెళ్ళికొడుకు తండ్రి సాంబయ్య గారు సంబరంగా వచ్చి ఈయన చెయ్యి పట్టుకుని లాగారు. "రండి బావగారూ, ఒక్క అడుగెయ్యండి" అన్నారు. సాంబయ్య గారు పర్చూరు వైపు పత్తి రైతు, ఎక్కడ డప్పు వినిపించినా కాలు ఆగని మనిషి. ఈయన జన్మలో ఆడి ఎరగరు. చుట్టూ యార్డు వాళ్ళంతా ఉన్నారు. సిగ్గుతో చెయ్యి విదిలించుకోబోయి తోసేశారు. కొత్త పట్టుపంచెతో సాంబయ్య గారు రోడ్డు మీద, పానకం ఒలికిన బురదలో, వెల్లకిలా పడ్డారు.

మగపెళ్ళివారి పెద్దమనిషిని అందరి ముందు కింద పడేస్తే ఏమవుతుందో మన వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. పెళ్ళి ఆగలేదు. మాటలు ఆగిపోయాయి.

"ఇప్పుడు అమ్మాయికి మూడో నెల," అన్నారు కోటేశ్వరరావు గారు. "తొలి పురుడు పుట్టింట్లో పోసుకోవాలి గదండీ. పంపించమని కబురు పెట్టాం. మా కోడలి పురుడు మా ఇంట్లోనే అన్నాడంట ఆయన. మా ఆడమనిషి తిండి తినట్లేదు. ఏప్రిల్‌లో మా వాడి పెళ్ళి. మొహమాటానికైనా ఆయన వస్తాడు. ఆ ఊరేగింపులో నేను ఆయనతో ఆడాలి."

"వెళ్ళి తప్పయిందని ఒక్క మాటంటే పోతుంది కదండీ?"

"నోరు రాదు మాస్టారూ." ఆయన నేల చూస్తూ అన్నారు. "రెండుసార్లు పర్చూరు దాకా వెళ్ళా. గుమ్మంలో నిలబడి పత్తి రేటు అడిగి వచ్చేశా. ఆయన చెయ్యి పట్టుకుని పిలిస్తే నేను తోశాను. ఈసారి నేను చెయ్యి పట్టుకుని పిలవాలి. ఇంకేం చెప్పక్కర్లేదు, ఆయనకే తెలుస్తుంది."

చూడండి, నేర్చుకోవాల్సిందేమిటో ఆ మనిషి అంత స్పష్టంగా చెప్పారు. ఆయనతో ఆడాలి అన్నారు. నా చెవికి ఆడాలి అన్నదొక్కటే ఎక్కింది.

రెండు నెలలు

స్పెషల్ క్లాసు అన్నాను. పొద్దున ఆరు నుంచి ఏడు దాకా, ఆయనొక్కరికే. నెలకి రెండు మిరప బస్తాల ఖరీదు అడిగాను. ఆ రోజుల్లో అంత ఎవరూ తీసుకునేవారు కాదు. ఆయన యార్డులో పావలా దగ్గర గంటసేపు వాదించే మనిషి, నా దగ్గర మారు మాట్లాడలేదు.

ఆయనకి తాళం అసలు లేదు. కుడి అంటే ఎడమ కాలు లేచేది. నేను మాత్రం పట్టుదలగా నేర్పాను. అందులో నా డబ్బాశ ఎంతో, ఆ పిల్ల పురుడు గురించిన బాధ ఎంతో, ఈ బండరాయిని ఆడించి చూపించాలన్న నా పొగరు ఎంతో ఇప్పుడు విడదీయలేను. పేరున్న ఒక పాట తీసుకుని రెండున్నర నిమిషాల ఐటమ్ కట్టాను. భుజం విరుపు, రుమాలు తిప్పడం, మోకాలి మీద కూర్చుని లేవడం. చివరి ఎనిమిదిలో గిర్రున తిరిగి వియ్యంకుడికి చెయ్యి చాపాలి. ఆ చివరి చెయ్యి నా తెలివికి పరాకాష్ఠ అనుకున్నాను.

"ఊరేగింపులో అద్దం ఉండదుగా, ముందు ఎటని మాస్టారూ?" అని ఆయన ఒకరోజు అడిగారు.

"జనం ఎటుంటే అటే ముందండీ," అన్నాను ధీమాగా.

యార్డులో తూకం వేయిస్తూ కూడా ఆయన పెదాలు కదిపి లెక్కపెట్టుకుంటున్నారని గుమస్తా అనుమానపడ్డాడట. రెండో నెల చివరికి, నిజం చెప్పాలంటే, ఆయన బాగా ఆడారు. నాకు గర్వంతో కళ్ళు చెమ్మగిల్లాయి.

ఊరేగింపు

నన్నూ పిలిచారు. బ్యాండు వాళ్ళతో ముందే మాట్లాడి పాట చెప్పి ఉంచాను. పెళ్ళికొడుకు కారు ముందు కుర్రాళ్ళు ఎగురుతున్నారు. సాంబయ్య గారు ఒక పక్కగా, ఉత్తరీయం సర్దుకుంటూ నడుస్తున్నారు. ఆయన మడమ మాత్రం డప్పుకి సరిగ్గా లేస్తోంది. అది చూసి నాకు ఆనందమేసింది.

పాట మొదలైంది. కోటేశ్వరరావు గారు కండువా నడుముకి బిగించి మధ్యలోకి వచ్చారు.

మొదటి ఎనిమిదికే జనం గొల్లుమన్నారు. రెండో ఎనిమిదికి ఈలలు. యార్డు వాళ్ళు "ఒరేయ్, మన కోటేశ్వరరావేనా!" అని అరుచుకుంటూ చుట్టూ గుండ్రంగా వెనక్కి జరిగి చోటిచ్చారు. అప్పటిదాకా ఆడుతున్న కుర్రాళ్ళు కూడా ఆగి చప్పట్లు కొట్టడం మొదలెట్టారు. సాంబయ్య గారు రెండడుగులు ముందుకేశారు. కోటేశ్వరరావు గారు ఆయన్ని చూడలేదు. జనం ఎక్కువగా ఉన్నది ఎదటి వైపు, అటే చూస్తున్నారు. వియ్యంకుడికి వీపు పెట్టి, నేను నేర్పినట్టే, ఒక్క తప్పు లేకుండా ఆడుతున్నారు.

సాంబయ్య గారు కాసేపు ఆ వీపు చూశారు. తర్వాత మెల్లిగా గుంపులోంచి బయటికి నడిచి, రోడ్డు పక్క సోడా కొట్టు బల్ల మీద కూర్చున్నారు.

చివరి ఎనిమిది వచ్చింది. కోటేశ్వరరావు గారు గిర్రున తిరిగి చెయ్యి చాపారు. అక్కడ ఎవరూ లేరు. చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. బావమరిది వరస అతనెవరో ఆ చెయ్యందుకుని ఎగరడం మొదలుపెట్టాడు. ఆయన మొహం చూడలేక తల తిప్పుకున్నాను.

తల్లి చెప్పగా నేనెవరో తెలిసి, పద్మజ నా పక్కకి వచ్చింది. ఐదో నెల, అప్పుడప్పుడే తెలుస్తోంది.

"మాస్టారూ, మా నాన్నకి ఒక్కడే ఆడేది నేర్పారా?" అంది.

"అమ్మా, చివర్లో చెయ్యి..."

"చివరిదాకా మా మామయ్యగారు ఎందుకుంటారండీ? ఆయన్ని పడేసి, ఇప్పుడు డ్యాన్సు నేర్చుకొచ్చి మరీ చూపించినట్టయింది."

భోజనం చేయకుండా వచ్చేశాను. వారం తర్వాత కోటేశ్వరరావు గారు మిగతా ఫీజు పంపి, మీరు బాగా నేర్పారు, అందరూ మెచ్చుకున్నారు అని కబురు చేశారు. తిట్టినా బాగుండేది.

నాకు తెలియనిది

ఆ నెలంతా క్లాసులో కూర్చుని ఆలోచించాను. నేను నేర్పింది తప్పా? అడుగులు సరిగ్గా ఉన్నాయి. నేర్పకపోతే మేలా? నేర్పకపోతే ఆయన ఆ గుంపులోకి అడుగే పెట్టేవారు కాదు. తక్కువ తీసుకుని నాలుగు అడుగులే నేర్పి పంపిస్తే సరిపోయేదా? ఏమో. ఎక్కువ తీసుకున్నాను కాబట్టి ఎక్కువ నేర్పాను. ఎక్కువ నేర్పాను కాబట్టి పక్కవాడికి చోటు లేకుండా పోయింది. అంటే తప్పు ఫీజులో ఉందా, నాలో ఉందా? కరుణ టీచర్ గారి వెనక వరస అప్పుడు కళ్ళ ముందుకొచ్చింది. నేను అదే పని మళ్ళీ చేశాను, ఈసారి ఒకే ఒక్క మనిషితో. ఒక ఆడపిల్ల పురుడు దాని మీద ఆధారపడి ఉందని తెలిసి కూడా చేశాను. సిగ్గుగా ఉండేది. ఎవరితో చెప్పుకోవాలో తెలిసేది కాదు.

కుర్రాళ్ళూ, ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. మీ దగ్గరికి వచ్చిన మనిషిని ఏ పాటకి ఆడతారని అడగకముందు ఎవరితో ఆడతారని అడగండి. అంతకుమించి గట్టిగా చెప్పే ధైర్యం నాకు లేదు. ఎందుకంటే తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ కొరుకుడు పడలేదు.

సాంబయ్య గారు

జూన్ మొదటి వారంలో, ఎండ మండిపోతుండగా, సాంబయ్య గారు నా క్లాసుకి వచ్చారు. బస్సు దిగి దారి అడుగుతూ వచ్చారట. మంచినీళ్ళిచ్చాను. తాగి, చుట్టూ చూసి, అద్దంలో తన మీసం చూసుకుని అన్నారు.

"ఏమయ్యా మాస్టారూ, మా వియ్యంకుడికి నేర్పింది నువ్వేనంటగా. అదే నాకూ నేర్పు."

పంతానికి వచ్చారనుకున్నాను. "మీకు డ్యాన్సు వచ్చు కదండీ," అన్నాను.

"నాకొచ్చిన డ్యాన్సుకి ఆయన పక్కన చోటు లేదయ్యా. ఊళ్ళో అందరూ మీ వియ్యంకుడు భలే ఆడాడంటగా అని నన్నడుగుతున్నారు. ఏం చెప్పాలి? వీపు బాగా ఆడింది, మొహం నేను చూళ్ళేదని చెప్పనా?" ఆయన గ్లాసు కింద పెట్టారు. "మా కోడలు మొన్న ఏడుస్తూ చెప్పింది. రెండు నెలలు తెల్లారగట్ట లేచి నేర్చుకున్నాడంట గదా, నాతో ఆడదామని. నిజమేనా?"

"నిజమేనండీ."

"నాతో ఆడదామని నేర్చుకున్నవాడు నావైపు ఎందుకు చూళ్ళేదయ్యా?"

"నేను నేర్పలేదండీ," అన్నాను. ఆ మాట బయటికి వచ్చాక ఒళ్ళు తేలికైంది. "చూడమని నేను చెప్పలేదు. జనం వైపు చూడమన్నాను. తప్పు నాది."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. తిడతారనుకున్నాను. "ఆమాత్రం దానికి అంత ఫీజా?" అన్నారు. ఆ ప్రశ్నకి జవాబు అప్పుడూ దొరకలేదు, ఇప్పుడూ దొరకలేదు.

ఆయన్ని అక్కడే ఫ్యాను కింద కూర్చోబెట్టి, స్కూటరేసుకుని యార్డుకి పోయాను. మిరప ఘాటుకి దగ్గుతూ కొట్టులోకి వెళ్ళి కోటేశ్వరరావు గారికి విషయం చెప్పాను.

"ఇప్పుడా? మాస్టారూ, ఒక్క వారం టైమివ్వండి. కొత్త ఐటమ్ ఏదైనా..."

"ఐటమ్ ఏమీ లేదండీ. ఎక్కండి."

స్కూటరు వెనక కూర్చుని ఆయన నా భుజం పట్టుకున్నారు. దిగేదాకా వదల్లేదు.

ఇద్దరూ నా గదిలో ఎదురుబొదురుగా నిలబడ్డారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. "కాఫీ తాగారా" అని కోటేశ్వరరావు గారు, "ఆఁ" అని సాంబయ్య గారు. అంతే. నాకు ఏం నేర్పాలో తెలియలేదు. అన్నేళ్ళ వృత్తిలో అలా చేతులు వేలాడేసుకుని నిలబడ్డది ఆ ఒక్కసారే. చివరికి ఇద్దరి చేతులూ పట్టుకుని ఒకరి చేతిలో ఒకరివి పెట్టాను. టేపు పెట్టలేదు. చెక్క కుర్చీ ముందుకి లాక్కుని అరచేతులతో డప్పులా వాయించడం మొదలుపెట్టాను.

అటు రెండడుగులు, ఇటు రెండడుగులు. చూడ్డానికి ఏమీ బాగాలేదు. కోటేశ్వరరావు గారి పెదాలు ఒకటి, రెండు, మూడు అని కదులుతూనే ఉన్నాయి.

"ఆ లెక్క ఆపవయ్యా బావా," అన్నారు సాంబయ్య గారు.

ఆపారు. ఆపగానే అడుగు తప్పింది. వియ్యంకుడి కాలు తొక్కారు. సర్దుకున్నారు, మళ్ళీ తొక్కారు. లెక్క పోయి ఖాళీ అయిన ఆ నోట్లోంచి అప్పుడు మాట వచ్చింది.

"ఆ రోజు కావాలని తోయలేదు బావగారూ. సిగ్గేసింది. నలుగురూ నవ్వుతారని భయమేసింది. తప్పయింది."

వాయించడం ఆపాలో వద్దో నాకు తెలియలేదు. సాంబయ్య గారు ఆయన చేతులు వదల్లేదు. అటు రెండు, ఇటు రెండు. కుర్చీ మీద నా చేతులు వాయిస్తూనే ఉన్నాయి.

"ఆషాఢం వస్తే మళ్ళీ కుదరదు," అన్నారు ఆయన, అడుగు ఆపకుండానే. "అమ్మాయికి ఏడో నెల వచ్చింది. ఈలోపే మంచిరోజు చూసుకుని చెల్లెమ్మని వెంటబెట్టుకుని రండి. పసుపూ కుంకుమా పెట్టి పంపిస్తాం. పురుడు మీ ఇంట్లోనే."

కోటేశ్వరరావు గారి కాళ్ళు నిలిచిపోయాయి. వియ్యంకుడి రెండు చేతులూ పట్టుకుని, నా ముందే, చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. సాంబయ్య గారు ఆగలేదు. ఏడుస్తున్న మనిషిని అలాగే పట్టుకుని, అటూ ఇటూ ఆడిస్తూనే ఉన్నారు.